81 లక్షల ఫ్లాటు: కొనేవారికి ఎంత పడింది, అమ్మేవారికి ఎంత మిగిలింది?

హైదరాబాద్ శివారు బాచుపల్లిలో ఆ ఫ్లాటు హాల్లో గోడకు టేపు ఆనించి ఒక కొస నేను పట్టుకుంటే, రెండో కొస మా చిన్నాన్న కొడుకు పట్టుకున్నాడు. "పద్దెనిమిదిన్నర అడుగులు, రాసుకో అక్కా" అన్నాడు. పక్కన నిల్చున్న మధ్యవర్తికి ఈ పని నచ్చలేదు. "పదమూడొందల యాభై ఎస్‌ఎఫ్‌టీ మేడమ్, డాక్యుమెంట్‌లోనే ఉంది కదా" అని రెండుసార్లు గుర్తుచేశాడు. మేం మాత్రం హాలు, మూడు పడక గదులు, వంటగది, చివరికి స్నానాల గదులు కూడా కొలిచాం. ముప్పావు గంట పట్టింది. ఇంట్లో గోడలతో సహా కూడితే తేలింది 985 చదరపు అడుగులు.

శివార్లలో ఇల్లు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ నోటితో చెప్పుకునేది ఒకే అంకె: అడుగు ఎంత? బేరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కానీ కొనేవారి జేబులోంచి ఎంత పోతుందో, అమ్మేవారి చేతిలో ఎంత మిగులుతుందో తేల్చేది ఆ అంకె కాదు. ఆ రెండింటినీ తేల్చే లెక్కలు చాలామందికి బయానా ఇచ్చేశాకే తెలుస్తాయి. అందుకే తమ్ముడు కొన్న ఆ ఒక్క ఫ్లాటు లెక్కనే, కూడికకు వీలుగా కాస్త గుండ్రం చేసి, రెండు వైపుల నుంచీ ఇక్కడ విప్పుతున్నాను. అమ్మినవారు రిటైరైన లెక్చరర్. మేం మాస్టారనే పిలిచాం. 2014 డిసెంబరులో కొన్న ఇంటిని 2025 డిసెంబరులో అమ్మి, భార్యతో సొంతూరికి వెళ్లిపోవాలనుకున్నారు. బేరం అడుగు రూ.6,000 దగ్గర తెగింది. 1,350 అడుగులకు రూ.81 లక్షలు.

అడుగులు, గజాలు

1,350కీ 985కీ మధ్య 365 అడుగుల తేడా ఉంది. అది మోసమేమీ కాదు. మెట్లు, లిఫ్టు, వరండా, బయటి గోడలు, బాల్కనీ, వాచ్‌మన్ గది వంటివన్నీ వాటాలేసి ప్రతి ఫ్లాటుకూ కలిపితే వచ్చేది సూపర్ బిల్టప్ ఏరియా. లోపలి గోడలతో కలిపి మనం నిజంగా వాడుకునే జాగా కార్పెట్ ఏరియా. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది, కొత్త ప్రాజెక్టుల్లో దాన్ని చెప్పి తీరాలంది. పాత ఫ్లాట్ల బేరాల్లో మాత్రం ఇప్పటికీ సూపర్ బిల్టప్ మాటే నడుస్తోంది.

81 లక్షలను 985తో భాగిస్తే అడుగు రూ.8,223 పడుతుంది. దానివల్ల ధర మారదు, నిజమే. కానీ రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు ఈ లెక్క లేకపోతే పొరపాటు పడతాం. అదే వీధిలో ఇంకో ఫ్లాటు అడుగు రూ.5,700కే వస్తుందని మధ్యవర్తి చూపించాడు. అదీ 1,350 అడుగులే, మొత్తం రూ.76.95 లక్షలు. టేపు పెడితే లోపల 900 అడుగులే ఉంది. అంటే అడుగు రూ.8,550. చవకగా కనిపించిందే ఖరీదైంది.

రెండో అంకె గజాల్లో ఉంటుంది. దస్తావేజులో అవిభాజ్య వాటా అని రాసి ఉంటుంది, అందరూ యూడీఎస్ అంటారు. భవనం నిలబడ్డ స్థలంలో మన వంతు అది. మాస్టారి అపార్ట్‌మెంట్ 750 గజాల్లో ఉంది, ఫ్లాట్లు 15. ఒక్కొక్కరికి 50 గజాలు. ఆ వీధిలో గజం రూ.60 వేలనుకుంటే స్థలం విలువ రూ.30 లక్షలు. 81లో 30 తీస్తే మిగిలిన రూ.51 లక్షలు పదకొండేళ్ల పాత కట్టడానికి ఇస్తున్నామన్న మాట. అడుగుకు లెక్కేస్తే రూ.3,778. తమ్ముడు ఈ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు. కట్టడం ఏటికేడు పాతబడుతుంది, స్థలం పాతబడదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ భవనాన్ని పడగొట్టి కట్టుకోవాల్సి వస్తే చేతిలో ఉండేది ఆ 50 గజాలే.

పెద్ద టవర్లలోనూ ఇదే ప్రశ్న అడగాలి, కాకపోతే ఎకరాల్లో. ఎకరం అంటే 4,840 గజాలు. ఎకరానికి 100 ఫ్లాట్లు కడితే సగటున ఒక్కోదానికి 48.4 గజాలు, అంటే ఒక సెంటు. 150 కడితే 32 గజాలు. ఈత కొలను, క్లబ్‌హౌస్ చూపించే కుర్రాడు ఈ అంకె తనంతట తాను చెప్పడు. అడిగితే చెప్పక తప్పదు.

"ఇరవై శాతం ఉంటే చాలు" అన్నారు

బ్యాంకు ఉద్యోగి తమ్ముడితో అన్న మాట ఇది. రుణం ఎంత ఇవ్వొచ్చో రిజర్వు బ్యాంకు నియమం ఉంది. రూ.30 లక్షల దాకా రుణమైతే ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం వరకు, ఆపైన 75 శాతం వరకు. కాబట్టి 81 లక్షల ఇంటికి గరిష్ఠంగా రూ.64.8 లక్షలు. మిగతా రూ.16.2 లక్షలు సొంతంగా చూసుకోవాలి. ఇంతవరకు బ్యాంకు ఉద్యోగి చెప్పింది సరే.

చెప్పనిది ఇంకోటి ఉంది. రిజిస్ట్రేషన్ ఖర్చును ఇంటి విలువలో కలిపి రుణం ఇవ్వరు. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం, మొత్తం 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ కూడిక 7.5 శాతమే, భాగాలే వేరు. 81 లక్షల మీద అది రూ.6,07,500. మధ్యవర్తికి ఒక శాతం, రూ.81,000. బ్యాంకు ప్రాసెసింగ్, న్యాయ సలహా, దస్తావేజు రాయించడం లాంటివాటికి రూ.35 వేలు అయ్యాయి. అన్నీ కూడితే తమ్ముడు సొంతంగా తెచ్చుకోవాల్సింది రూ.23.4 లక్షలు. ఇంటి ధరలో అది 29 శాతం. రంగులు, వంటగది చెక్కపని, గృహప్రవేశం ఇందులో లేవు.

ఇరవైకీ ఇరవైతొమ్మిదికీ మధ్య ఉన్న ఆ ఏడు లక్షల చిల్లరే చాలా కుటుంబాల్లో బంగారం తాకట్టుకో, పదమూడు పద్నాలుగు శాతం వడ్డీకి తెచ్చే వ్యక్తిగత రుణానికో దారితీస్తుంది. గృహరుణం మొదటి వాయిదా పడకముందే రెండో వాయిదా నెత్తిన పడుతుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లేముందే ఈ కూడిక చేసుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే. చేతిలో రూ.23 లక్షలుంటే వెతకాల్సింది 80 లక్షల ఇల్లు. 16 లక్షలే ఉంటే 55 లక్షల ఇల్లు.

పదమూడేళ్ల ఎనిమిది నెలలు

రూ.64.8 లక్షలు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెల వాయిదా రూ.54,201. మొత్తం 240 వాయిదాల్లో కట్టేది రూ.1.30 కోట్లు. అసలుకు మించి వడ్డీ రూ.65.28 లక్షలు. ఈ అంకెలు ఏ ఈఎంఐ క్యాలిక్యులేటరైనా చూపిస్తుంది కాబట్టి ఇక్కడ ఆగను. ఆగాల్సింది ఆ వాయిదా లోపల.

మొదటి నెల కట్టిన రూ.54,201లో వడ్డీ రూ.43,200. అసలుకు జమయ్యేది రూ.11,001 మాత్రమే. ఐదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కడితే చేతినుంచి వెళ్లేది రూ.32.5 లక్షలు, అసలు తగ్గేది రూ.8.08 లక్షలు. ఇంకా రూ.56.7 లక్షల బాకీ ఉంటుంది. తీసుకున్న అప్పులో సగం తీరేసరికి 164 నెలలు, అంటే పదమూడేళ్ల ఎనిమిది నెలలు.

శివార్లలో ఇల్లు కొనే చాలామంది యువ దంపతులకు ఇదే ఆఖరి ఇల్లు కాదు. పిల్లల బడి మారిందనో, ఆఫీసు గచ్చిబౌలి నుంచి ఇంకో దిక్కుకు పోయిందనో ఐదారేళ్లకే అమ్ముతారు. అప్పుడు ధర పెరిగింది కదా అని సంబరపడతారు గానీ, బాకీ దాదాపు అలాగే ఉందన్న సంగతి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసినప్పుడే తెలుస్తుంది. అదే ఐదేళ్లలో ఇల్లు ఏమీ పెరగకుండా 81 లక్షల దగ్గరే ఉండిపోతే, బ్యాంకుకు 56.7, మధ్యవర్తికి 0.8 పోగా చేతికి వచ్చేది రూ.23.5 లక్షలు. సరిగ్గా మొదట్లో సొంతంగా పెట్టిన మొత్తం. ఐదేళ్లు కట్టిన రూ.32.5 లక్షలు ఆ ఇంట్లో ఉన్నందుకు అద్దెగా పోయినట్టే. నెలకు రూ.54 వేల అద్దె.

మరి అసలు అద్దె ఎంత? అదే భవనంలో అలాంటి ఫ్లాటుకు రూ.22 వేలు. ఏడాదికి రూ.2.64 లక్షలు, ఇంటి ధరలో 3.3 శాతం. 8 శాతం వడ్డీకి అప్పు చేసి 3.3 శాతం అద్దె ఆదా చేసుకుంటున్నాం. ఈ తేడాను ధర పెరుగుదల పూడ్చాలి. పూడుస్తుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను కొనొద్దనడం లేదు. పదేళ్లకు తక్కువ ఉండే ఆలోచన ఉంటే అద్దెకుండటం మంచిదని మాత్రం గట్టిగా చెబుతున్నాను. తమ్ముడి పిల్లలిద్దరూ అక్కడి బడిలోనే చేరారు, భార్య ఉద్యోగం అక్కడికి దగ్గర. కనీసం పన్నెండేళ్లు ఉంటామని తేల్చుకున్నాకే ముందుకెళ్లాడు.

ఒక ఊరట ఉంది. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందే కట్టేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదు. ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా, అంటే రూ.54 వేలు బోనస్‌లోంచో ఎక్కడినుంచో తీసి అసలుకు జమ చేయిస్తే, 20 ఏళ్ల అప్పు దాదాపు మూడేళ్ల ముందే తీరుతుంది. జమ చేసేటప్పుడు "ఈఎంఐ తగ్గించొద్దు, కాలం తగ్గించండి" అని రాతపూర్వకంగా ఇవ్వాలి.

మాస్టారి వైపు

ఇప్పుడు బల్లకు అటువైపు కూర్చుందాం. మాస్టారు 2014లో ఈ ఇంటికి పెట్టింది రూ.36 లక్షలు. ఇప్పుడు 81. "రెండింతలు దాటింది కదమ్మా" అన్నారు తృప్తిగా. నిజమే, 2.25 రెట్లు. పదకొండేళ్లలో అంటే ఏటా చక్రవడ్డీ లెక్కన 7.65 శాతం. అంతకాలం సొంతింట్లో ఉన్న సుఖం, ఆదా అయిన అద్దె దీనికి అదనం. మంచి లెక్కే.

చిక్కంతా పన్ను దగ్గర వచ్చింది. 2014లో దస్తావేజులో రాసింది రూ.24 లక్షలే. మిగతా రూ.12 లక్షలు అప్పట్లో బిల్డర్ నగదుగా అడిగితే ఇచ్చారు. అందరూ అలాగే చేశారు, నేనూ చేశానన్నారు. అప్పటి రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతం. 12 లక్షలు దాచినందుకు ఆదా అయింది రూ.72 వేలు.

రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇంటిని అమ్మితే దీర్ఘకాలిక మూలధన లాభం. 2024 జులై 23 నుంచి దాని మీద పన్ను 12.5 శాతం, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా. ఆ తేదీకి ముందు కొన్న ఇళ్లకు మాత్రం, దేశంలో నివసించే వ్యక్తులు పాత పద్ధతిలో ద్రవ్యోల్బణం సర్దుబాటు చేసుకుని 20 శాతం లెక్క కట్టి, ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు ఉంది. ద్రవ్యోల్బణ సూచీ 2014–15లో 240, 2025–26లో 376.

దస్తావేజులో పూర్తి 36 లక్షలు ఉండి ఉంటే ఏమయ్యేది? 36ను 376తో గుణించి 240తో భాగిస్తే రూ.56.4 లక్షలు. 81లో అది తీస్తే లాభం రూ.24.6 లక్షలు. 20 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు కలిపి రూ.5.12 లక్షలు. కానీ చేతిలో ఉన్నది 24 లక్షల కాగితం. పాత పద్ధతిలో పన్ను రూ.9.03 లక్షలు వస్తోంది, కొత్త 12.5 శాతం పద్ధతిలో లాభం 50 లక్షలు దాటి రూ.57 లక్షలైంది కాబట్టి సర్‌ఛార్జి, సెస్సు కలిపి రూ.8.15 లక్షలు. తక్కువదే ఎంచుకున్నా, 5.12కీ దీనికీ తేడా రూ.3.03 లక్షలు. ఆనాడు మిగిలిన రూ.72 వేలకు ఈనాడు నాలుగింతలకు పైగా చెల్లించడం. ఆ కాగితం మీద మాస్టారు పెన్ను పెట్టి రెండుసార్లు కూడి చూసుకున్నారు. రెండుసార్లూ అంతే వచ్చింది.

పన్ను, మధ్యవర్తి రుసుము తీస్తే చేతికి రూ.72.04 లక్షలు. అప్పుడు ఏటా పెరుగుదల 7.65 కాదు, 6.5 శాతం. అమ్మబోయేవాళ్లు పక్కింటివాళ్లకు చెప్పుకోవాల్సిన అంకె ఇదీ.

పన్ను తప్పించుకునే చట్టబద్ధమైన దారులు లేకపోలేదు. వచ్చిన లాభంతో ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది. అమ్మడానికి ఏడాది ముందు నుంచి అమ్మిన రెండేళ్ల లోపు కొనాలి, కట్టుకునేటట్టయితే మూడేళ్లలో పూర్తిచేయాలి. రిటర్ను దాఖలు చేసే గడువులోగా ఖర్చు కాని డబ్బును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేసి ఉంచాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచితే కుదరదు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఇల్లు అక్కర్లేదనుకుంటే ఆరు నెలల్లోగా నిర్దేశిత ప్రభుత్వరంగ బాండ్లలో రూ.50 లక్షల వరకు పెట్టొచ్చు, ఐదేళ్లు కదపకూడదు. మాస్టారు సొంతూళ్లో తండ్రి ఇచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నారు. కట్టడం బిల్లులన్నీ దాచమని, మేస్త్రీకి కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వమని వాళ్లమ్మాయి ఫోన్‌లో చెప్పింది. చక్కటి సలహా.

"ఇరవై క్యాష్‌లో ఇచ్చేయండి అన్నా"

తనకే ఇలాంటి దెబ్బ తగిలినా, మధ్యవర్తి మాట విని మాస్టారు మొదట్లో కాస్త ఊగిసలాడారు. మధ్యవర్తి తమ్ముడిని పక్కకు పిలిచి, "అరవై ఒకటి వైట్, ఇరవై క్యాష్ పెట్టుకోండి అన్నా, మీకూ రిజిస్ట్రేషన్ కలిసొస్తది" అన్నాడు. కలిసొచ్చేది ఎంతో అక్కడే ఫోన్‌లో లెక్క వేశాం. 20 లక్షల మీద 7.5 శాతం, రూ.1.5 లక్షలు.

పోయేది చూడండి. దస్తావేజు విలువ 61 లక్షలైతే 80 శాతం చొప్పున రుణం రూ.48.8 లక్షలే. అంటే రుణం 16 లక్షలు తగ్గింది. తమ్ముడు చేతినుంచి పెట్టాల్సిన వాటా 16.2 నుంచి రూ.32.2 లక్షలకు పెరిగింది. రేపు తాను అమ్మేటప్పుడు కొనుగోలు ధర 61గానే లెక్క. 2024 జులై తర్వాత కొన్నది కాబట్టి ద్రవ్యోల్బణ సర్దుబాటు ఉండదు. కాగితం మీద లేని ఆ 20 లక్షలు లాభంగా మారి, సెస్సుతో 13 శాతం చొప్పున రూ.2.6 లక్షల పన్ను అదనం. లక్షన్నర మిగుల్చుకుని రెండు లక్షల అరవై వేలు పోగొట్టుకోవడం. మాస్టారి కథ మళ్లీ మొదలైనట్టే.

ఇదంతా డబ్బు లెక్క. చట్టం లెక్క ఇంకా కటువుగా ఉంది. స్థిరాస్తి లావాదేవీలో రూ.20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమే జరిమానా పడొచ్చు. బేరం చెడితే ఆ నగదు ఇచ్చినట్టు రుజువూ ఉండదు. కోర్టుకెళ్లి రూ.2 లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చామని చెబితే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలపాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇక నలుగురు పెద్దమనుషుల ముందు ఇచ్చామన్న మాటకు విలువేముంది? చివరికి 81 లక్షలూ దస్తావేజులోనే రాశారు. ఆ మాట ముందుగా తేల్చింది మాస్టారి భార్యే. "ఈ వయసులో మాకు ఆ సంచులెందుకు బాబూ" అన్నారు.

అమెరికాలో ఉన్న యజమాని

నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ అపార్ట్‌మెంట్లలో విదేశాల్లో స్థిరపడ్డవాళ్ల ఫ్లాట్లు ఎన్నో ఉంటాయి. వాళ్ల దగ్గర కొనేటప్పుడు లెక్క పూర్తిగా మారుతుంది, దాని భారం కొనేవారి మీదే ఉంటుంది. అమ్మేవారు ఇక్కడి నివాసి అయితే, ధర రూ.50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. 50 దాటిన దాని మీద కాదు, మొత్తం మీద. మా లెక్కలో రూ.81,000.

అదే అమ్మేవారు ఎన్నారై అయితే ఒక శాతం చాలదు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, సర్‌ఛార్జి, సెస్సు కలిపితే ఈ ధరకు 14.3 శాతం. అదీ లాభం మీద కాదు, అమ్మకపు మొత్తం మీద. 81 లక్షలకు రూ.11.58 లక్షలు. పన్ను శాఖ నుంచి తక్కువ మినహాయింపు ధ్రువపత్రం తెచ్చుకుంటే ఇది తగ్గుతుంది, కానీ దానికి వారాలు పడుతుంది. "మా అబ్బాయి అక్కడే ఉన్నాడు గానీ సంతకం నేను జీపీఏ మీద పెడతా, మామూలుగా ఒక శాతం కట్టండి చాలు" అని తండ్రి అంటే ఒప్పుకోవద్దు. యజమాని నివాసం ఎక్కడన్నదే లెక్క, సంతకం ఎవరిదన్నది కాదు. తక్కువ కడితే నోటీసు కొనేవారికే వస్తుంది.

జీపీఏ, అంటే యజమాని తరఫున సంతకం పెట్టే అధికార పత్రం, మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి వదిలేస్తాను. జీపీఏ, అగ్రిమెంట్ కాగితాలతోనే ఇల్లు చేతులు మారినట్టు కాదని, రిజిస్టరైన సేల్ డీడ్‌తోనే హక్కు వస్తుందని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

కొత్తదైతే

కడుతున్న ఫ్లాటు కొంటే పైన చెప్పినవన్నీ ఉంటూనే జీఎస్టీ తోడవుతుంది. 5 శాతం చొప్పున 81 లక్షలకు రూ.4.05 లక్షలు. హైదరాబాద్ లాంటి మహానగరంలో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లకు, ధర రూ.45 లక్షలకు మించకపోతే 1 శాతమే. నివాసయోగ్య పత్రం వచ్చిన పూర్తయిన ఇంటికి జీఎస్టీ లేదు. పాత ఫ్లాట్లు కొందరికి అచ్చిరావడానికి ఇదొక కారణం.

స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ఆ ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. నమోదైతే, రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడగకూడదు. కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. అప్పగించాక ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. "ప్రీ లాంచ్ ఆఫర్, ఇప్పుడే మొత్తం కడితే అడుగు రూ.3,500కే" అనే ప్రకటనలో ఈ మూడు రక్షణల్లో ఒక్కటీ ఉండదు. రెరా నంబరు లేని చోట ధర ఎంత తక్కువైనా దాన్ని నేను ఇల్లు అనను, బిల్డర్‌కు వడ్డీలేని అప్పు అంటాను.

చెరువు ఎంత దూరం?

కాగితాల జాబితా ప్రతి న్యాయవాదీ ఇస్తాడు. లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ, నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో, ఆస్తిపన్ను రసీదు. వాటి గురించి మళ్లీ చెప్పను. శివార్లకే ప్రత్యేకమైన రెండు విషయాలు మాత్రం కళ్లతో చూడాలి.

మొదటిది అంతస్తులు. ఈ ప్రాంతాలు నిన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీలు. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్‌లను కలిపి కార్పొరేషన్ చేసింది 2019లో. పంచాయతీ కాలం నాటి అనుమతి పత్రంలో రెండంతస్తులు ఉండి, రోడ్డు మీంచి చూస్తే ఐదు కనిపించే భవనాలు ఉన్నాయి. అనుమతి పత్రం తీసుకుని భవనం ముందు నిలబడి లెక్కపెట్టండి. అమ్మేవారి ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంటే, కాగితం మీద నాలుగో అంతస్తు ఉండాలి కదా.

రెండోది నీళ్లు. పాత ఊళ్లన్నీ చెరువుల పక్కనే పుట్టాయి, ఇళ్లు వాటి వైపే పెరిగాయి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన విస్తీర్ణం ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టకూడదు. చిన్న చెరువైతే 9 మీటర్లు. ఎండాకాలంలో చెరువు ఎక్కడిదాకా ఉందో చూసి కొలవకండి, హద్దు నిండు చెరువుది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పాటయ్యాక ఈ మీటర్ల విలువ అందరికీ తెలిసొచ్చింది. మేం ప్రగతినగర్ అంబీర్ చెరువు వైపు చూసిన ఒక ఫ్లాటును, బాల్కనీలోంచి నీళ్లు ఎంతో అందంగా కనిపించినా, మ్యాప్ చూశాక వదులుకున్నాం. మాస్టారి ఇల్లు చెరువుకు కిలోమీటరుకు పైగా దూరంలో ఉంది. బాల్కనీలోంచి ఎదురింటి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పని అరగంటలో అయిపోయింది. ఫొటోలు, వేలిముద్రలు, సంతకాలు. మాస్టారి మీద బ్యాంకు రుణం ఇంకా కొంచెం ఉండేది. తమ్ముడి బ్యాంకు నేరుగా ఆ బ్యాంకుకే చెక్కు ఇచ్చి ఒరిజినల్ కాగితాలు విడిపించింది. రుణం తీరాక 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వకపోతే బ్యాంకే రోజుకు రూ.5,000 చెల్లించాలన్న నియమం 2023 డిసెంబరు నుంచి ఉంది, అందుకని అక్కడ ఆలస్యం జరగలేదు. మాస్టారి భార్య తాళాల గుత్తి తమ్ముడి భార్య చేతిలో పెట్టి, "వంటింట్లో కుళాయి కొంచెం బిగుతుగా తిప్పాలమ్మా" అని చెప్పి కళ్లు తుడుచుకున్నారు.

కొనే పాఠకులకు ఒక్క మాట. మినహాయించిన ఆ ఒక శాతం టీడీఎస్‌ను, చెల్లింపు జరిగిన నెల ముగిశాక 30 రోజుల్లోగా నిర్ణీత ఫారంతో కట్టాలి. ఆలస్యమైతే రోజుకు రూ.200, పైన వడ్డీ. తాళాలు చేతికొచ్చిన హడావిడిలో ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. రిజిస్ట్రేషన్ రోజునే ఆ గడువు తేదీని ఇంటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టుకోండి.